కాంతి కదలని లోకానికి నేను వేసిన సున్నా

1967 అక్టోబరు. విజయనగరంలో ఒక కాలేజీ. పెంకుల కప్పు కింద పొడవాటి గది, అదే మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటు. లెక్చరర్‌గా చేరి అప్పటికి తొమ్మిదేళ్లయింది. పాఠం బాగా చెబుతానని పేరుండేది. అంతకంటే పెద్ద పేరు నా ఎర్ర సిరాకి ఉండేది. తప్పు కంటపడితే నా కలం ఆగేది కాదు. ఆ పేరు వింటే నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టుంటుంది.

ఆ ఏడాది బీయస్సీ ఆఖరి సంవత్సరం వాళ్లకి రిలేటివిటీ చెబుతున్నాను. ఆ శాస్త్రంలో పెత్తనమంతా కాంతి వేగానిదే. ఏ వస్తువూ, ఏ కబురూ దాన్ని మించి పరుగెత్తలేదు. నిలబడ్డవాడికీ కదిలేవాడికీ ఒకే సంఘటన ఎక్కడ, ఎప్పుడు జరిగినట్టు కనిపిస్తుందో లెక్కగట్టే సమీకరణాలు ఇందులో ఉంటాయి. వాటినే ట్రాన్స్‌ఫర్మేషన్లు అంటాం. కాంతి వేగాన్ని అనంతం అనుకుంటే అవి మనకు అలవాటైన పాత సూత్రాలుగా మారిపోతాయి. అప్పుడు కాలం అందరికీ ఒకటే, చోటు మాత్రం మనిషిని బట్టి మారుతుంది. రైల్లో కూర్చున్నవాడు తన పెట్టె ఉన్నచోటే ఉందంటాడు, ప్లాట్‌ఫారం మీదివాడు అది వెళ్లిపోయిందంటాడు. ఇలా ఒక విలువను కొసదాకా లాగి చూడటాన్ని లిమిట్ అంటాం.

పరీక్షలో ఆ ప్రశ్నే ఇచ్చాను. ‘కాంతి వేగాన్ని లిమిట్‌కి తీసుకెళితే ఏమవుతుందో చూపండి.’ అనంతం అన్న మాట రాయలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.

సింహాచలం అనే కుర్రాడు ఇలా మొదలుపెట్టాడు: ‘అనంతం సంగతి పుస్తకంలో ఉంది కనుక రాయడం లేదు. రెండో కొస చూస్తాను.’ చూసి, కాంతి వేగాన్ని సున్నా చేసేశాడు!

అతనిది గజపతినగరం దగ్గర పల్లె. వరి, చోడి (అంటే రాగి) పండించే ఇల్లు. తండ్రి లేడు, పినతండ్రి పెంచాడు. మధ్యలో మూడేళ్లు సేద్యం చేసి మళ్లీ చదువుకి వచ్చినవాడు కనుక క్లాసులో అందరికంటే పెద్ద. మూడో బెంచీలో కూర్చుని నోరు విప్పేవాడు కాదు. అలాంటివాడు పుస్తకాన్ని పక్కన పెట్టాడని చూసేసరికి నాకు ఒళ్లు మండింది. కింద రెండు సమీకరణాలున్నాయి. వాటి ప్రకారం చోటు అందరికీ ఒకటే, కాలమే చోటును బట్టి మారుతుంది. అంటే పాత సూత్రాలనే తలకిందులు చేసి రాసేశాడని నేను తేల్చేశాను. పైగా కాంతి వేగం సున్నా అయితే కదిలే ప్రతి వస్తువూ దాన్ని మించిపోతుంది, ఆ సమీకరణాల్లోని వర్గమూలం కింద రుణసంఖ్య వస్తుంది, లెక్క అక్కడే చస్తుంది. పేజీకి అడ్డంగా గీత కొట్టి సున్నా వేశాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. క్లాసులో లేపి నిలబెట్టాను.

“ఏమయ్యా, నీ లోకంలో దీపం వెలిగిస్తే వెలుతురు పక్క గదికి రాదా?”

“రాదు మేష్టారూ. ఎక్కడిదక్కడే.”

“మరి మనుషులో?”

“మనుసులూ అంతే. ఎవులూ కదల్లేరు.”

“అయితే నువ్వూ అక్కడే ఉండిపో!” అన్నాను. క్లాసంతా విరగబడి నవ్వింది. అతను కాగితం నా బల్ల మీద పెట్టేసి వెళ్లి కూర్చున్నాడు. వారం తిరగకుండా కాలేజీకి రావడం మానేశాడు. కోతల రోజులు కదా, ఇంటి పని పడి ఉంటుందిలే అనుకుని ఊరుకున్నాను.

జనవరిలో ఒక శనివారం విశాఖపట్నం వెళ్లాను. అక్కడి పెద్ద లైబ్రరీకి విదేశీ జర్నళ్లు ఓడ మీద వచ్చేవి. జర్నల్ అంటే శాస్త్రజ్ఞులు కొత్తగా కనిపెట్టినవి అచ్చువేసే పత్రిక. వేరే దేనికోసమో ఒక పాత సంచిక తిరగేస్తున్నాను. ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఎవరో దూరదేశపు పండితుడు కాంతి వేగాన్ని సున్నాకి తీసుకెళ్లాడు. అక్కడ రెండు సమీకరణాలు. చోటు అందరికీ ఒకటే. కాలమే చోటును బట్టి మారుతుంది.

మళ్లీ చదివాను. మూడోసారి వేలు పెట్టి ఒక్కో అక్షరమూ చదివాను. దీపం వెలిగించగానే దాని కాంతి పరుచుకునే తీరును బొమ్మ గీస్తే గరాటులా వస్తుంది. దాన్ని లైట్ కోన్ అంటాం. కాంతి నెమ్మదించే కొద్దీ ఆ గరాటు సన్నబడుతుంది, సున్నా దగ్గర పూర్తిగా మూసుకుపోయి ఒక్క గీతగా మిగులుతుంది. ఇక అక్కడ ఒకచోట జరిగినది ఇంకోచోటికి చేరదు. ఎక్కడిదక్కడే. ఈ మాట నేను ముందే విన్నాను. విని నవ్వించాను.

ఇంటికి ఎలా చేరానో గుర్తులేదు. బీరువా కింది అరలో పాత పరీక్ష కాగితాల కట్ట విప్పి సింహాచలం కాగితం తీశాను. నా గీత మాటున, సమీకరణాల తర్వాత, ఇంకో రెండు లైన్లు ఉన్నాయి. ‘వస్తువు వేగాన్ని కూడా కాంతి వేగం కంటే త్వరగా తగ్గించుకుంటూ పోవాలి. దాన్ని కాంతి వేగపు వర్గంతో భాగిస్తే వచ్చే విలువ మారకుండా ఉంచాలి. అప్పుడు రుణసంఖ్య రాదు.’ నా అభ్యంతరానికి సమాధానం అక్కడే ఉంది. నా ఎర్ర సిరా సరిగ్గా దాని మీంచే పోయింది. నేను ఆ లైన్లు చదవనే లేదు. మంచం మీద కూలబడ్డాను. మా ఆవిడ వచ్చి ఎవరికేమైందని కంగారుగా అడిగింది.

మర్నాడు ఆదివారం. రైలెక్కి గజపతినగరంలో దిగి, నాలుగు మైళ్లు నడిచాను. చోడి చేలో సింహాచలం గెడ్డలోంచి, అంటే వాగులోంచి, నీళ్లు మడికి మళ్లిస్తున్నాడు. గట్టు మీద అతని పినతండ్రి అప్పలనాయుడు ఉన్నాడు. నేనెవరో చెప్పగానే ఆయన లేచి నిలబడ్డాడు.

“మావోడికి సున్నా ఏసింది తమరేనా బాబూ? ఆడు ఏటి తప్పు సేసినాడో ఆడికే తెలీదంట!”

“తప్పు నాదే నాయుడూ. వాడిది కాదు.”

సింహాచలం పార వదిలేశాడు. జర్నల్లోంచి రాసుకొచ్చిన కాగితం అందించాను. మట్టి చేతులు లుంగీకి తుడుచుకుని చదివాడు.

“అయితే నాది తప్పు కాదా మేష్టారూ?”

“కాదు. అంతా సరిగ్గా ఉంది. మరి నాతో ఎందుకు వాదించలేదయ్యా? నేను నవ్వించానని కోపమొచ్చి మానేశావా?”

“కోపం కాదు. తమరు తప్పంటే తప్పేననుకున్నాను. తప్పెక్కడుందో ఎన్ని రోజులు ఎతికినా దొరకనేదు. దొరక్కపోతే, ఇక నా బుర్ర దీనికి పనికిరాదనీసి ఒచ్చీసినాను.”

లైబ్రరీలో తగిలిన దెబ్బ దీని ముందు ఎంత! నా మాట నమ్మి వాడు తన తెలివిని నమ్మడం మానేశాడు. ఆ లెక్క అసలు ఎలా తట్టిందని అడిగాను.

అతను గెడ్డకేసి చెయ్యి చూపించాడు. “నీటి వంతులు సూడండి. మడి ఎక్కడిదక్కడే, అందరికీ ఒకటే. తూము కాడి మడికి తెల్లారి వంతయితే, నడిమి మడికి మజ్జాన్నం, సివరి మడికి సందేల. దూరం బట్టి ఒకో మడికి ఒకో గడియారం. తేడా ఒకటే, ఆ లోకంలో నీళ్లు పారవు.”

తొమ్మిదేళ్లుగా నేను చెప్పిన పాఠాల్లో అంత తేట మాట ఒక్కటీ లేదు.

మార్చి పరీక్షలు రాయించాలని ఎంతో ప్రయత్నించాను. తప్పు నాదని ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చాను. క్లాసులోనూ ఒప్పుకున్నాను, ఈసారి ఎవరూ నవ్వలేదు. కానీ మూడు నెలల హాజరు లేదు. నిబంధన నిబంధనే అన్నారు. వాడికి ఏడాది పోయింది. పోగొట్టింది నేను. ఆ మాట చెప్పడానికి మళ్లీ ఆ ఊరు వెళ్లాను. అప్పలనాయుడు అంతా విని, “జూలైలో కాలేజీకి తోలీస్తాను. ఈపాలి సూసి దిద్దండి బాబూ” అన్నాడు.

స్టేషను దాకా సింహాచలం తోడొచ్చాడు. “నా లెక్క పెకారం తమరు ఇక్కడికి రాకూడదు మేష్టారూ. ఆ లోకంలో ఎవులూ ఎవుల కాడికీ ఎల్లలేరు. తమరు రెండుసార్లు ఒచ్చినారు” అని నవ్వాడు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

1968 అక్టోబరులో మళ్లీ అదే పరీక్ష. ఈసారి ప్రశ్నలో అనంతం అని స్పష్టంగా రాశాను. సింహాచలం అడిగినదానికి జవాబు రాసి, కింద గీత గీసి, రెండో కొస కూడా రాశాడు. రెంటికీ మధ్య చిన్న అక్షరాలతో ఒక మాట ఉంది: ‘మేష్టారూ, దయచేసి కింద వరకూ చదవండి.’

ఎర్ర కలం మూత పెట్టేసి, కింద వరకూ చదివాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా దిద్దిన ప్రతి కాగితమూ అలాగే చదివాను, ఆఖరి లైను అయ్యాకే మూత తీశాను.