మా పెద్దబాపు కట్టిన జాతిపిత వేషం

మొన్న మీర్‌పేట్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు, ఒంటినిండా వెండిరంగు పూసుకుని, చేతికర్రతో, జాతిపిత వేషంలో కదలకుండా నిలబడ్డ ఒకాయనను చూసి మా కోడలు ముచ్చటపడి ఫొటో తీసుకుంది గాని, నేను మాత్రం మొహం తిప్పుకున్నాను. ఎందుకో ఆమెకు చెప్పలేదు. మన ఈడు వాళ్లకయితే చెప్పుకోవచ్చు.

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, ఇబ్రహీంపట్నం దగ్గరి మా ఊళ్లో ఏటా జెండా పండుగనాడు ఆ వేషం కట్టేవాడు. బక్కపలచని మనిషి, బోడిగుండు, మోకాళ్ల పైకి పంచె. వేరే వేషమెందుకు, అద్దాలు పెట్టుకుంటే చాలదా అని పెద్దమ్మ ఎగతాళి చేసేది. ఆయన ఉపవాసాలుండి దేశానికి స్వాతంత్ర్యం తెచ్చాడు, నేను ఒక్కపూట ఉండలేనా అంటూ ఆ రోజు వేషం విప్పేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టేవాడు కాదు. బడి అరుగు మీద పిడికిట ఉప్పు పట్టి, నూలు వడికి, కొట్టుకునేవాళ్లను కలిపి, చివరకు ప్రార్థనకు నడుస్తుండగా మూడు టపాకాయలు పేలగానే చేతులు జోడించి పడిపోయేవాడు. ఊరంతా చప్పట్లు కొడితే గాని లేచేవాడు కాదు. అవి ఆలస్యమైతే ఒక కన్ను తెరిచి చూసేవాడు కూడా, దొంగ ముసలాయన!

తర్వాత భూములకు రెక్కలొచ్చాయి. పక్కనున్న ఆదిభట్లకు కంపెనీలు వస్తున్నాయనేసరికి మా మెట్ట చెలకలన్నీ ప్లాట్లయ్యాయి. బడి పక్క ఖాళీ జాగాలో, పిల్లలు ఆ మహానుభావుడి జీవితం చదువుకోవడానికి ఒక గ్రంథాలయం పెట్టించాలని పెద్దబాపు ఎన్నేళ్లుగానో కలలు కంటుంటే, ఆ జాగా కాస్తా ఒక వెంచర్‌లో కలిసిపోయింది. వెంచర్ సేటు చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఆయన నవ్వి, "ఓపెనింగ్ నాడు పొద్దుగూకేదాక గేటు కాడ వేషం గట్టి నిలబడు తాతా, ఆ మూల జాగ నీ లైబ్రరీకే ఇడిసిపెడ్తం" అన్నాడట. ఇంకేం, మా ముసలాయన కాళ్లు నేల మీద ఆగలేదు. కాగితం రాయించుకోమని పెద్దమ్మ పోరితే, "ఈ బట్టలల్ల ఉన్నోనికి ఎవడన్న అబద్ధం చెప్తడా?" అని ఆమె నోరు మూయించాడు.

మండు వేసవి. బస్సుల్లో పోయేవాళ్లకు మెరుస్తూ కనబడాలని, గేటుకు వేయగా మిగిలిన వెండిరంగు ఆయన ఒంటికి పూశారు. ఎంత పాపిష్టి చేతులో! ఆయన నీళ్లు ముట్టలేదు, ముట్టమన్నవాడూ లేడు. ప్లాట్లు చూడవచ్చినవాళ్లు భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగారు, ఒకడైతే ఆయనకు నల్లకళ్లద్దాలు తగిలించి పడీపడీ నవ్వాడు. మధ్యాహ్నం దాటాక, పెద్దమ్మా నేనూ షామియానా కింద చూస్తుండగానే, పెద్దబాపు కూలబడ్డాడు.

ఊరివాళ్లు చప్పట్లు కొట్టారు. లేవకపోయేసరికి ఇంకా గట్టిగా కొట్టారు, ఈలలు వేశారు, "లే తాతా, జర కన్ను దెరువు" అని అరిచారు. పెద్దమ్మ ఒక్కతే పరుగెత్తింది. "మీ కండ్లల్ల మన్నువడ, చేతులు జోడించలే, ఆయన చేతులు జోడించలే!" అని ఆమె గుండెలు బాదుకుంటుంటే, అది కూడా ఆటలో భాగమేననుకుని మళ్లీ చప్పట్లు కొట్టారు.

దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. మైకు మాత్రం సాయంత్రందాకా ఆగలేదు.

కర్మకాండ అయ్యాక పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని సేటు దగ్గరకు పోయింది. వేరే ఏమీ అడగలేదు, ఆ మూల జాగా ఒక్కటే అడిగింది. సేటు కుర్చీ వేయించాడు, చల్లటి నీళ్లు తెప్పించాడు, ఎంతో జాలిగా, "అవ్ అమ్మా, పొద్దుగూకేదాక నిలబడితే ఇస్తమన్నం. ఆయననే నిలబడకపాయె" అన్నాడు.

పెద్దమ్మ ఆ నీళ్లు ముట్టకుండా లేచింది. 

ఇప్పుడు మా ఊళ్లో జెండా పండుగంటే డీజే, బైకుల ర్యాలీ, జాతిపిత ఫొటోకు ఒక దండ. ఆ వేషం మళ్లీ ఎవరూ కట్టలేదు. మనవలు అడిగితే ఉప్పు కథ, ఉపవాసాల కథ బాగానే చెబుతాను గాని, ఆయన సత్యం కోసం బతికాడని చెప్పే దగ్గర మాట దాటేసి ఇంకో కథ ఎత్తుకుంటాను. అన్న మాట మీద మనుషులుంటారని నమ్మినవాళ్లలో మా ఇంట్లో పెద్దబాపే ఆఖరు. మేమంతా ఇప్పుడు ముందు కాగితం చూపించమంటున్నాం, సొంత తమ్ముళ్లనైనా సరే.