మగ్గం గుంతలో కారు బోల్తా

"ఏ కన్సోల్ కొనమంటావన్నా?" అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే: "ఆడేటప్పుడు నీ కాళ్ళు ఎక్కడ పెట్టుకుంటావు?" అడిగినవాడు నన్ను వింతగా చూసి ఇంకొకరి దగ్గరికి పోతాడు. పోనివ్వండి. ఇరవై ఏళ్ళుగా వీడియో గేములు ఆడుతున్న మనిషిని, నాకూ కొన్ని అభిప్రాయాలున్నాయి. తెరమీద బొమ్మ ఎంత అందంగా ఉందన్నది నేను పట్టించుకోను. డౌన్‌లోడ్ చేసుకునే కొత్త ఆటల మీద నమ్మకం లేదు. మా ఎమ్మిగనూరు నెట్‌కు అవి దిగేలోపు మా అమ్మ ఒక చీర నేసి మడత కూడా పెట్టేస్తుంది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, ఒక పొడవాటి వైరు. ఆ వైరు పొట్టిదైతే ఒక ఇల్లు ఎంత లోతుకు మునుగుతుందో చెబుతాను వినండి. మీరు నవ్వుకోవచ్చు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పటికి నాకు ఇరవై నిండలేదు. ఆదోనిలో ఒక పాత కన్సోల్ కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అట్టపెట్టెకు రంధ్రాలు చూసి పక్కనున్న పెద్దాయన "కోళ్ళాప్పా?" అని అడిగాడు. కోళ్ళే తెచ్చి ఉంటే బాగుండేది.

మా టీవీ ఉండేది మగ్గం గదిలో. మాది గుంత మగ్గం. నేసే మనిషి గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని, కింద చెక్కలు తొక్కుతూ, అడ్డంగా వేసిన దారాన్ని బిగించడానికి ఎదురుగా వేలాడే బరువైన పలకను తనవైపు లాగాలి. చేత్తో పట్టుకుని ఆడే నా ప్యాడ్‌కు వైరు పొట్టిది. కూర్చుంటే అది అందే చోటు గది మొత్తంలో ఒక్కటే, అమ్మ కూర్చునే చోటు.

ఆ వారం మగ్గం మీదున్నది మామూలు చీర కాదు. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఎవరో ఇచ్చిన డిజైన్లే నేసిన అమ్మ, మొదటిసారి తను ఊహించిన అంచు నేస్తోంది. మెట్లు మెట్లుగా పైకి పోయే అంచు. చీరలు కొనే ఈరన్న సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు. ఆయనకు నచ్చితే ఇకమీదట తన డిజైన్లే నేయొచ్చు. నచ్చకపోతే మళ్ళీ పాత దారే.

మధ్యాహ్నం పక్కింటామె పిలిస్తే, అమ్మ అడ్డదారం మోసుకుపోయే నాడెను దారాల మధ్యే వదిలి లేచింది.

"నాగూ, మగ్గం మీద సెయ్యి పెట్టొద్దు."

"నేనేల పెడతానమ్మా."

ఆ మాట నిలబెట్టుకున్నానని ఇప్పటికీ వాదిస్తాను. చెయ్యి పెట్టలేదు. కాళ్ళు పెట్టాను.

ఆదోని నుంచి వచ్చిన నా నేస్తం ఖాజా రెండో ప్యాడ్ పట్టుకుని టీవీకి ఆనుకుని నిలబడ్డాడు. కార్ల రేసు మొదలైంది. వాడు ముందు, నేను వెనక.

"ఏందిరా, ఎద్దుల బండి తోలుతాండావా? తొక్కరా."

తొక్కాను. ఆ ఆటలో కారు నడిపేది బొటనవేలితోనని నా తలకు తెలుసు, కాళ్ళకు తెలియదు. అవి గుంతలో చెక్కలను కసిగా తొక్కుతున్నాయి. దారాలు ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఎగిరి పడుతున్నాయి. వైరు ఎప్పుడు పోయి పలకకు చుట్టుకుందో నాకు తెలియదు. ఆఖరి మలుపులో ప్యాడ్‌ను బలమంతా పెట్టి ఇటు లాగాను. పలక కూడా దాంతోపాటు వచ్చి దారాల మధ్యనున్న నాడెను గుద్దింది. టీవీలో నా కారు బోల్తా పడింది. మగ్గం మీద ఫట ఫటమని పోగులు తెగాయి.

"ఏంరా ఆ సప్పుడు?" అన్నాడు ఖాజా.

"కారుది."

"కారు ఆడుంది. సప్పుడు ఈడొచ్చె."

ఇద్దరం వంగి లెక్కపెట్టాం. ముప్పై ఏడు పోగులు.

"రీస్టార్ట్ కొట్టు" అన్నాడు ఖాజా.

"మగ్గానికి రీస్టార్ట్ యాడుందిరా?"

"మగ్గానికి కాదు, ఆటకు. నేను గెలుస్తాంటి."

అమ్మ వచ్చేలోపు అతికేద్దామనుకున్నాం. నేత ఇంట్లో పుట్టినా నా వేళ్ళకు మీటలు నొక్కడమే వచ్చు. ఖాజా అయితే బూట్ల లేసు కట్టినట్టు కట్టాడు. అమ్మ వచ్చి కూర్చుంది. పోగుల మీద వేలు ఒకసారి పోనిచ్చి ఆగింది.

"ఈ ముడి నాది కాదు."

"పిల్లి దూకిందమ్మా" అన్నాను.

"పిల్లికి ముడి ఎయ్యడం ఎవురు నేర్పిచ్చిరి?"

ఖాజా నన్ను కాపాడాలని, "ప్యాడ్ పాడైందమ్మా, అదే లాగేసె" అన్నాడు. ఆడలేనోడు ప్యాడ్ పాడైందన్నాడట.

అమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆ మెట్ల అంచు మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు అంత సిగ్గు ముందూ వెయ్యలేదు, తర్వాతా వెయ్యలేదు. కళ్ళు తుడుచుకుని తనే అడిగింది.

"నీ ఆటలో సచ్చిపోతే ఎన్ని పానాలురా?"

"మూడు."

"ఈడ పోగుకు ఒకటే. తెగితే కట్టుకోవాల. రాండి ఇద్దురూ."

మా ముడులన్నీ విప్పించి, ఒక్కో పోగూ పట్టించి, ముడి ఎలా వెయ్యాలో నేర్పింది. కట్టడం పూర్తయ్యాక తనే కూర్చుని జానెడు నేసింది. కొత్తగా అతికిన పోగులకు బిగువు కుదరక ఆ జానెడూ కొంచెం వంకర పోయింది. అంతలోనే ఈరన్న వచ్చాడు.

అద్దాలు పెట్టుకుని అంచును చేత్తో ఒక్కో మెట్టే నిమురుతూ పోయాడు. ఆట లోడ్ అవుతోందంటూ గుండ్రంగా తిరిగే గుర్తును నా జీవితంలో ఎన్నోసార్లు చూస్తూ కూర్చున్నాను. ఏదీ అంత సేపు తిరగలేదు.

"ఈ అంచు ఎవురిదమ్మా?"

"నాదే అన్నా."

"శానా బాగుంది. ఇట్లాంటివి ఇంకో పది నెయ్యి."

నేను ఊపిరి వదిలేలోపు ఆయన వేలు వంకర దగ్గర ఆగింది.

"ఈ జానెడు ఏందిట్లయింది?"

అమ్మ తడబడలేదు. చక్రాలు పైకి పెట్టి ఇంకా టీవీలోనే పడున్న నా కారును చూపించింది.

"ఆడ మావోని కారు బోల్తా పడిందన్నా."

ఈరన్న టీవీని చూశాడు, మగ్గాన్ని చూశాడు, నన్ను చూశాడు. అద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. ఆ చీర మాత్రం తీసుకోలేదు. ఆ రోజు నుంచి ఆయన "కారు అంచు చీరలు పంపమ్మా" అనే చెబుతాడు. కొనే ఆడవాళ్ళు ఆ అంచులో కారు ఎక్కడుందని వెతుకుతుంటారట. అమ్మ ఆ తర్వాత ఇంకా ఆరు అంచులు సొంతంగా వేసింది. నా పెళ్ళికి మాత్రం వంకర జానెడున్న ఆ చీరే కట్టుకుంది, అందరికీ కనిపించేలా.

కాబట్టి పాఠకులారా, పడుగు పేకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మగ్గం గుంతలో కూర్చుని ఇక ఏ రేసూ ఆడను. పొట్టి వైరున్న ప్యాడ్‌ను ఇంట్లోకి రానివ్వను. నా తప్పు ఏ పిల్లి మీదా వెయ్యను.

ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. నేయడం ఆపకుండానే విని, "మంచిది నాయనా, ఆడుకో. కాళ్ళు మాత్రం కట్టేసుకో" అంది.