నేను తోమేసిన నల్ల గిన్నె

పక్కింటి ఆంటీ పోయారు. మంచు బాగా కురిసిన వారంలో, ఒక మంగళవారం పొద్దున నేను ఆఫీసు మీటింగ్‌లో ఉండగా వాళ్ళమ్మాయి దూరాన చాండ్లర్‌లో తన ఇంటి నుంచి మెసేజ్ పెట్టింది. నిద్రలోనే ప్రాణం పోయిందని తర్వాత తెలిసింది. తొమ్మిదింటికి ఆ అమ్మాయి ఫోన్ చేస్తే అంకుల్ ఎత్తి, మీ అమ్మ ఇంకా లేవలేదు, చేతులు చల్లగా ఉన్నాయి, ఇంకో దుప్పటి కప్పాను అన్నారట. నువ్వు దగ్గర్లో ఉన్నావు, ఒక్కసారి వెళ్ళి చూడగలవా అని రాసింది. ల్యాప్‌టాప్ మూయకుండానే లేచి వచ్చేశాను. నేను వెళ్ళేసరికి ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని, మూడు దుప్పట్లు కప్పి కూర్చుని ఉన్నారు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా టౌన్‌హోమ్‌కీ వాళ్ళదానికీ మధ్య ఒకటే గోడ. మా ఆవిడకి ఫ్రీమాంట్‌లో ఉద్యోగం, నాకు ఇక్కడ. వీసా కాగితాలు తేలేదాకా నెలకోసారి విమానం ఎక్కి కాపురం చేసుకునే రకం మేము. వారమంతా ఒంటరిగా ఫ్రోజెన్ పరాటాలు తింటున్న నన్ను చూసి, చేరిన రెండో నెలలోనే ఆంటీ శనివారాలు తన ఖాతాలో వేసుకున్నారు. నాది కరీంనగర్, వాళ్ళది కాకినాడ. నేను దసరాకి జమ్మి ఆకు పంచేవాణ్ణి, ఆవిడ ఆదివారం తెలుగు చర్చిలో ముందు వరసలో కూర్చునేవారు. మా ఇద్దరికీ కలిసింది అన్నం దగ్గరే.

అది కూడా మన అన్నం కాదు, జంబలాయా. అంకుల్‌కి చమురు బావుల కంపెనీలో ఉద్యోగమై, ఆంటీ నర్సుగా చేస్తూ, ఇరవై ఏళ్ళు లూసియానాలో లఫాయెట్ అనే ఊళ్ళో ఉన్నారు. మాంసం, కూరలు, బియ్యం అన్నీ ఒకే గిన్నెలో ఉడికించే ఈ వంట అక్కడి కేజన్ అనే ఫ్రెంచి సంతతి వాళ్ళ ఇళ్ళలో నేర్చుకున్నారు. మన పులావే కదా అని ఒకసారి అన్నాను. పై శనివారం నాకు పిలుపు రాలేదు.

మధ్యాహ్నం మూడున్నరకి మొదలుపెట్టేవారు. పోత ఇనప గిన్నె, రెండు చేతులా ఎత్తాల్సినంత బరువు, లోపలా బయటా నల్లగా నిగనిగలాడేది. ముందు పొగబెట్టిన సాసేజ్ ముక్కలు, తర్వాత కోడి తొడ ముక్కలు, అడుగంటేదాకా వేయించేవారు. మా అమ్మ వంటింట్లో అడుగంటడం అంటే నేరం. ఇక్కడ అదే అసలు పని. అడుగున గోధుమరంగు పట్టగానే ఉల్లిపాయ, క్యాప్సికం, సెలెరీ తరుగు వేసి, వాటి తడితో పట్టినదంతా కదిల్చి, మళ్ళీ పట్టనిచ్చి, మళ్ళీ కదిల్చేవారు. ఆ తర్వాత వెల్లుల్లి, కారం, బిర్యానీ ఆకు, కోడి ఎముకలు మరిగించిన నీళ్ళు, చివర్న బియ్యం. మంట సన్నగా చేసి మూత పెట్టాక ఇక ఆ మూత మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. తీసి చూడటమంటే నమ్మకపోవడమే బాబూ అనేవారు.

నాకు లెక్కలు కావాలి. ఎన్ని కప్పులు, ఎన్ని నిమిషాలు అని ఫోన్‌లో టైమర్ పెట్టబోతే, ఆంటీ ఆ ఫోన్ తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టేశారు. ఆవిడ పద్ధతి వేరు. గిన్నె మీదికి వంగి, చెవి మూతకి బెత్తెడు దూరంలో పెట్టి వినేవారు. ఇంకా రాలేదు అనేవారు. కాసేపయ్యాక మళ్ళీ వంగి, ఊఁ, వచ్చింది అని స్టవ్ ఆపేసేవారు. నీళ్ళు ఇంకిపోయే చప్పుడు వింటున్నారని నేను అనుకున్నాను. అప్పుడే గోడ మీద రెండు దెబ్బలు కొట్టేవారు. నేను వాళ్ళింట్లో లేని రోజున అదే నాకు పిలుపు.

ఒక శనివారం, కిటికీ బయట నాలుగున్నరకే వెలుగు పోతుండగా, అడిగాను.

"ఏమొస్తది ఆంటీ?"

"లఫాయెట్ మామ్మగారు," అన్నారు, బెండకాయ అన్నంత మామూలుగా. "గిన్నె ఆవిడదే బాబూ. మేం వాళ్ళ మేడ మీద అద్దెకుండేవాళ్ళం. ఆవిడ పోతూ నాకిచ్చేసింది. అప్పట్నించీ ఇప్పటిదాకా దీనికి సబ్బు తగల్లేదు. ఆవిడ వండినదంతా దీని ఒంట్లోనే ఉంది."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. దయ్యాల కబుర్లు చెబితే చివాట్లు పెట్టే మనిషి. సరే, ఆ మామ్మగారు వచ్చి ఏం చెబుతుంది అని అడిగితే, అయిపోయింది దింపెయ్యమంటుంది, అంతకంటే చెప్పడానికి ఏముంటుంది అన్నారు. ఆ సాయంత్రం అన్నం తింటూ రెండుసార్లు వెనక్కి తిరిగి స్టవ్ వైపు చూశాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అంకుల్‌కి మూడేళ్ళుగా మతిమరుపు. ముందు ఊళ్ళ పేర్లు పోయాయి, తర్వాత మా పేర్లు. ఏడాదిగా ఇడ్లీ పెట్టినా, సూప్ పెట్టినా చెంచా కింద పెట్టేసేవారు. ఆ గిన్నెలోని అన్నం మాత్రం వాసన చూసి తినేవారు. అందుకని ఆంటీ అది వారానికి నాలుగుసార్లు వండేవారు. మోకాళ్ళ నొప్పులతో, కౌంటర్ పట్టుకుని నిలబడి వండేవారు. ఆయనకి నేను గుర్తులేకపోయినా ఇది గుర్తుంది, అది చాలు అని ఒకసారి అన్నారు. అప్పుడు ఆవిడ గొంతులో బాధ ఉందో లేదో నాకు తెలియలేదు.

సమాధి చేసి వచ్చిన రోజు నేను చేసిన పని చెప్పాలి. చెప్పకుండా ఆంటీ గురించి రాయడం నాకు చేతకాదు.

మా ఇళ్ళల్లో మనిషి పోతే, ఇంట్లో గిన్నెలన్నీ బయటికి తీసి తోమేస్తాం. మైల పోవాలని. మా నాయనమ్మ పోయినప్పుడు అమ్మ గరిటెలతో సహా తోమింది. వాళ్ళది క్రైస్తవుల ఇల్లు, నన్ను ఎవరూ అడగలేదు, అయినా నాకు తెలిసిన మర్యాద అదొక్కటే. చర్చివాళ్ళు ముందు గదిలో ప్రార్థన చేస్తుంటే, నేను వంటింట్లో చొక్కా చేతులు మడుచుకుని మొదలుపెట్టాను. ఆ నల్ల గిన్నె దగ్గర గంటన్నర పట్టింది. సబ్బు, స్టీల్ పీచు. నల్లటి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. పాపం ఆంటీకి మోకాళ్ళు సహకరించక ఎంత మురికి పేరుకుపోయిందో అనుకున్నాను. చివరికి అడుగున బూడిదరంగు ఇనుము బయటపడింది. ఆవిడకి నేను చేయగలిగిన ఆఖరి సేవ చేశానని సంతోషపడ్డాను.

వాళ్ళమ్మాయి గ్లాసు కోసం వచ్చి గిన్నెని చూసింది. "అన్నా, సోప్ వేశావా?" అంది. నేను అవునన్నాను. ఆ అమ్మాయి సింక్ పక్కన నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆంటీ ఏం చెప్పారో.

ఆమె వెనకే అంకుల్ వచ్చారు. గిన్నెలోకి తొంగిచూశారు. చాలాసేపు చూసి, నా వైపు తిరిగి అడిగారు.

"వీళ్ళిద్దరూ ఏరి?"

ఆంటీ కాక ఆ రెండో ఆవిడ ఎవరో నాకు తెలుసు. తెల్లారేసరికి గిన్నె నిండా ఎర్రటి తుప్పు మచ్చలు లేచాయి.

అప్పటిదాకా ఆంటీ వండి దాచినది ఆ గిన్నెలోనే వేడి చేసి పెడితే అంకుల్ తిన్నారు. ఆ రోజు నుంచి ఆయన అన్నం ముట్టలేదు. పాలు రెండు గుక్కలు, అంతే. బట్టలు వదులయ్యాయి. పది రోజులకి డాక్టర్, ఇలాగే ఉంటే సోమవారం ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుందన్నాడు. గొట్టం పీక్కుంటే చేతులు కట్టేస్తారని ఆ అమ్మాయి నాకు వేరే చెప్పింది. ఇదంతా నా చేతి పని అని ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది.

గిన్నెని మా ఇంటికి తెచ్చుకున్నాను. తుప్పు వదిలించి, నూనె పట్టించి, అవెన్‌లో కాల్చి, చల్లార్చి, మళ్ళీ నూనె పట్టించి కాల్చాను. పొగకి అలారం మోగితే మంచులో కిటికీలు తెరిచిపెట్టాను. ఆఫీసు పని ఒక చేత్తో, ఇది ఒక చేత్తో. కొంచెం నలుపు తిరిగాక వాళ్ళింట్లోనే వండాను. అంకుల్ పళ్ళెం దగ్గరికి తీసుకుని వాసన చూసి, ఇంకా రాలేదు అని పక్కకి నెట్టేశారు. రెండోసారీ అంతే. మూడోసారి వాసన కూడా చూడలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. మా ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

శనివారం వచ్చింది. ఆ మధ్యాహ్నం నేను మా ఇంట్లోనే ఉన్నాను, గిన్నె నా స్టవ్ మీదే ఉంది, ఖాళీగా. నాలుగింటికి గోడ మీద రెండు దెబ్బలు పడ్డాయి. పరుగెత్తాను. వాళ్ళమ్మాయి శనివారమైనా మేడ మీద ఆఫీసు కాల్‌లో ఉంది. అంకుల్ ముందు గదిలో భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు, ఎదురుగా మూడు పళ్ళేలు. ఆ కుర్చీలోంచి గోడ అందదు. గోడ మీరు కొట్టారా అంకుల్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఆవిడ కొట్టింది. వచ్చేశావుగా, కూర్చో."

నేను కూర్చోలేదు. వెళ్ళి గిన్నె తెచ్చాను. వాళ్ళ ఫ్రిజ్‌లో సాసేజ్, చికెన్ ఉన్నాయి. భయంగానే ఉంది, కానీ చేతులు ఆగలేదు. అడుగంటనిచ్చాను, కదిల్చాను, మళ్ళీ అంటనిచ్చాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. బియ్యం వేసి మూత పెట్టి, ఫోన్‌ని పక్క గదిలో వదిలి వచ్చాను. బయట వెలుగు పోయింది. లైట్ వెయ్యాలని తోచలేదు. వంగి చెవి పెట్టాను. కుతకుతలు. చాలాసేపు కుతకుతలే. తర్వాత అవి ఆగి, లోపల సన్నగా చిటపట మొదలైంది, ఎవరో మెల్లిగా మాట్లాడుతున్నట్టు.

"వచ్చింది," అన్న మాట వినిపించింది. నేనే అన్నానని అనుకుంటున్నాను. గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి నేనే అని ఉండాలి. అంకుల్ కుర్చీ ముందుకి జరుపుకున్న చప్పుడు వినపడింది.

ఆయన తిన్నారు. ఒక్క ముద్ద, తర్వాత ఇంకోటి. మారు వడ్డిస్తే అదీ తిన్నారు. నేను ఎదురుగా కూర్చుని, ఆ చెంచా పైకి కిందికి వెళ్ళడం చూస్తూ, కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయాను. సోమవారం ఇక గొట్టం అవసరం లేదని మనసులో లెక్కేసుకుంటున్నాను.

పళ్ళెం ఖాళీ అయ్యాక ఆయన లేవలేదు. తల వంటింటి వైపు వాల్చి కూర్చున్నారు. ఏం కావాలి అంకుల్ అన్నాను.

"ఆవిడింకా తినలేదు. అందరికీ పెట్టాక అడుగుది గీక్కుని తింటుంది, అక్కడే నిలబడి."

నాకు ఆ సంగతి తెలియదు. రెండేళ్ళు ఆ బల్ల దగ్గర తిని, డబ్బా పట్టుకుని వెళ్ళిపోయినవాణ్ణి. ఆంటీ ఎప్పుడు తిన్నారో ఒక్కసారి కూడా చూడలేదు.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఇనప చెంచా తీసుకుని, స్టవ్ ముందు నిలబడి, అడుగున పట్టినది గీకి నోట్లో పెట్టుకున్నాను. చేదుకి కొంచెం ఇవతల, ఉప్పగా, బాగుంది. ఆ చప్పుడు వినగానే ముందు గదిలో అంకుల్ మాట్లాడటం మొదలుపెట్టారు. అంత నిండుగా ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు. బయట మంచు పడుతోందన్నారు. పాప ఫోన్ చేసిందా అన్నారు. చర్చికి రేపు తొందరగా బయల్దేరాలన్నారు. నేను గీకుతూనే ఉన్నాను.

"ఆ పక్కింటి కుర్రాడు నీ గిన్నె తోమేశాడు," అన్నారు. "ఏమనకు. తెలీక చేశాడు."

చెంచా ఆగింది. ముందు గదిలో మాట కూడా ఆగింది. ఆయన జవాబు కోసం చూస్తున్నారు. నేను మళ్ళీ గీకాను, గొంతు మళ్ళీ మొదలైంది. అడుగున ఏమీ మిగల్లేదు, అయినా ఆ చీకట్లో, ఆయన మాటలు అయిపోయేదాకా, ఖాళీ గిన్నెని గీకుతూ నిలబడ్డాను.