కుక్క పోగు

భూపాలపల్లిలో మా బడి స్టాఫ్‌రూమ్‌లో ఈ మధ్య అంతా పులి మాటలే. వాగు ఇసుకలో అడుగులు కనిపించాయట, ఎవరిదో లేగదూడను పట్టుకుపోయిందట. టీ తాగుతూ ఒక సారు, "అడివిల ఉండక ఊళ్లెకెందుకస్తదో ఇది" అన్నాడు. "అడివిల మనం ఏమన్న మిగిల్చినమా సార్, అది ఆడ్నే ఉండెతందుకు?" అన్నాను. అడిగిన తీరు కొంచెం గట్టిగానే ఉన్నట్టుంది, ఆయన గ్లాసు కింద పెట్టాడు. పక్కనున్న టీచరమ్మ, "మేడమ్‌కు పులి చుట్టమైతది" అని నవ్వింది. నేను నవ్వలేదు. వేరే ఏ సంగతికైనా నవ్వుతాను గానీ దీనికి మాత్రం నాకు కోపమే వస్తుంది. అది మా యాడి మేకల దగ్గర మొదలైన కోపం.

యాడి అంటే అమ్మ. మాది మహబూబాబాద్ వైపు అడవిని ఆనుకున్న తండా, ఇంట్లో మాది లంబాడీ మాట. యాడి మేకలు ఆమె పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు తోలిన మేకల సంతానం. వానాకాలం పంట ఇంటికి రాగానే తండాలో సగం ఇళ్లకు తాళాలు పడేవి. జనమంతా హైదరాబాద్ పోయి ఇటుకలు, కంకర మోసేవాళ్లు. మా బాపు కూడా అంతే. యాడి ఒక్క ఏడు ఆయనతో పోయింది. ప్లాస్టిక్ కవర్ల గుడిసెలో ఉండి, కట్టే బిల్డింగు కిందనే వండుకుని తిని, నెత్తి మీద జుట్టు ఊడగొట్టుకుని వచ్చింది. మళ్లీ పోలేదు. "గీ మేకలున్నన్ని దినాలు నేను ఎవ్వని బిల్డింగుకు తట్ట మొయ్య" అనేది. మేకల మీద ప్రేమ కారిపోయేదని కాదు, పొద్దున లేస్తే వాటిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేది. అవి ఉంటే తన ఇంట్లో తను ఉంటుంది, లేకపోతే నెత్తి మీద తట్ట. ఆమెకు ఆ సంగతి బాగా తెలుసు.

వేట మాకు కొత్త కాదు. ఏడాదికి ఏ నాలుగైదు సార్లో, పనుల్లేని రోజుల్లో, మగవాళ్లంతా కుక్కలను తీసుకుని పోయేవాళ్లు. దొరికితే అడవి పంది, లేకపోతే చెవులపిల్లి, అంటే కుందేలు. చాలాసార్లు ఉత్త చేతులతో వచ్చి ఆడవాళ్లతో మాటలు పడేవాళ్లు. దొరికిన రోజు మాత్రం మోదుగాకులు పరిచి మాంసం పోగులు వేసేవాళ్లు. వేటకు పోయినవాళ్లకు తలా ఒక పోగు, పోలేని ముసలివాళ్లకు ఒకటి, వల ఇచ్చిన ఇంటికి ఒకటి. వీటన్నిటికంటే ముందు వేసేది కుక్క పోగు. జంతువును తరిమి పట్టిన కుక్క దాన్ని తినకూడదు. మెడ పట్టి పడేసి, మనుషులు వచ్చేదాకా పక్కన కూర్చోవాలి. అట్లా కూర్చున్న కుక్కకు ఆకు వేసి, పేగులు పెట్టి, అది తిన్నాకే మిగతావాళ్లకు. మా అన్న దగ్గర ఒక నల్లకుక్క ఉండేది, ఒక చెవి చిరిగింది. ఆ పద్ధతి దానికి బాగా వంటబట్టింది. పందిని పట్టి పక్కన పెద్దమనిషిలా కూర్చునేది. ఆ కూర నేనూ ఇష్టంగా తిన్నదాన్నే, ఇప్పుడు శుద్ధపూసలా మాట్లాడను.

తెలంగాణ ఉద్యమం ముదిరిన ఏడు నేను జనగామలో డిగ్రీ చదువుతున్నాను. సమ్మెకు బస్సులు ఆగాయి, రైళ్లు ఆగాయి, కాలేజీ మూతపడింది, హాస్టల్లో బియ్యం అయిపోయాయి. కొంత దూరం లారీలో, కొంత దూరం ట్రాక్టర్ మీద తండాకు చేరాను. ఎక్కడ చూసినా వంటావార్పే. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి, పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని అక్కడే బంతి భోజనాలు. గొంతు పోయేదాకా నినాదాలిచ్చాను. సినిమాల్లో మా తెలంగాణ మాటను వెక్కిరించినవాళ్ల మీద కసి అంతా ఆ రోడ్డు మీద తీర్చుకున్నాను. అందుకు ఈ రోజు కూడా సిగ్గుపడను. రాష్ట్రం రావాల్సిందే, వచ్చింది. నా కోపం దాని మీద కాదు.

మా తండా వంతు వచ్చిన రోజు అన్న దుప్పిని తెచ్చాడు. అప్పటిదాకా పప్పుతో, వంకాయ కూరతో సరిపెట్టుకున్నవాళ్లకు ఆ రోజు పండుగైంది. టౌను నుంచి వచ్చిన లీడరొకాయన మూతి తుడుచుకుంటూ, "తమ్మీ, కూర అంటే గిదిరా" అని అన్న భుజం మీద చెయ్యి వేశాడు. తండా దాటితే ఎవ్వరూ పలకరించని మా అన్నకు అది తలకెక్కింది. ఆ తర్వాత వారంవారం అదే. అడవిని కాసేవాళ్లు కూడా సమ్మెలోనే ఉన్నారు, అడవి దారిలో గేటు ఎత్తి పెట్టే ఉంది. కుక్కలు చాలలేదని ఉచ్చులు పెట్టారు, ఉచ్చులు చాలలేదని కరెంటు తీగలు పరిచారు. టౌన్ల నుంచి జీపులు రావడం మొదలైంది. వాళ్లకు తెలంగాణతో పనిలేదు, కూరతోనే పని. సమ్మె ముగిసింది గానీ జీపులు ఆగలేదు.

ఒకసారి అన్నను అడిగాను. "గిట్ల కొట్టుకుంట పోతె ఇంకేం మిగుల్తదన్నా?"

"రేపు తెలంగాణ అస్తే అడివి మనదే గదనే. మన అడివి, మన దుప్పి. నడుమ నీకేంది పరేషాన్?"

మనదైతే ఊడ్చుకుని తినాలా అని నాకు ఒళ్లు మండింది. కానీ ఆ రోజుల్లో 'మన' అన్నాక ఇంకెవరూ ఎదురు మాట్లాడేవాళ్లు కాదు.

ఎండలు మొదలై ఇప్పపూలు రాలే కాలం వచ్చింది, నేను కాలేజీ సెలవులకు మళ్లీ తండాకు వచ్చాను. మా ఆడవాళ్లకు ఏటా అదొక పందెం. తెల్లవారకముందే లేచి గంపలు పట్టుకుని ఉరకాలి, లేకపోతే దుప్పులు వచ్చి చెట్టు కింద ఊడ్చినట్టు తినిపోతాయి. ఆ ఏడు పొద్దెక్కినా పూలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మొదట సంబరపడ్డాం. చాయ్ తాగి, ముచ్చట్లు పెట్టుకుంటూ తాపీగా పోయేవాళ్లం. తర్వాత ఏరలేక వదిలేసిన పూలు చెట్ల కింద పులిసి వాసన కొట్టాయి. తినేవాళ్లు లేని ఆ వాసనకు నాకు భయం వేసింది. వేటకు పోయినవాళ్లు ఖాళీ చేతులతో రాసాగారు, జీపులు కూడా రావడం మానాయి. వేటకుక్కల డొక్కలు లోపలికి పోయాయి.

అప్పుడే యాడి మేకల్లో మొదటిది చచ్చింది. సాయంత్రం మంద తోలుకొస్తుంటే ఒకటి తక్కువ కనిపించింది. వెతికితే పొదల పక్కన పడి ఉంది. మెడ మీద పళ్ల గాట్లు ఉన్నాయి, మాంసం మాత్రం ముట్టలేదు. కొన్నాళ్లకు ఇంకొకటి, అట్లాగే. ఆ గుట్టల్లో చిరుతపులి ఉందని అందరికీ తెలుసు. అది ఎన్నడూ తండా జోలికి రాలేదు. ఇప్పుడు దుప్పులు లేవు కాబట్టి వచ్చిందన్నారు. దుప్పులు ఎందుకు లేవో ఆ మాట అన్నవాళ్లే చెప్పాలి, చెప్పలేదు. అంత ఆకలిగొన్నది చంపిన మేకను తినకుండా ఎందుకు వదిలిందని కూడా ఎవరూ అడగలేదు. మా అందరి తలల్లో పులే ఉంది.

బాపు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "ఉన్న మేకలన్న అమ్మి రా. ఈడ పని దొరుకుతది" అన్నాడు. యాడి ఫోన్ నా చేతిలో పెట్టి బయటకు పోయింది. ఆ తర్వాత చచ్చింది చూలు మేక. ఆ రోజు యాడి ఏడవలేదు, అందరినీ తిట్టింది. పులిని, అడవిని, చదువుకుని ఏం లాభమని నన్ను. అన్న గుళికల మందు తెచ్చాడు, వరి పొలంలో పురుగుకు చల్లేది. చచ్చిన మేక పొట్టలో యాడే తన చేతులతో ఆ మందు కూరింది. "తిననీ. కడుపు నిండ తిననీ" అంది. మందు మేకను అడవి అంచున పెట్టాక, అన్న తన కుక్కనూ మిగతా వేటకుక్కలనూ గొలుసులతో కట్టించాడు, పొరపాటున అవి తింటాయేమోనని.

చిరుత వాగు ఒడ్డున దొరికింది. కడుపు మండి నీళ్ల కోసం పోయినట్టుంది. ఆడది. ఇంతేనా అనిపించింది నాకు, తోలు కింద ఎముకలు తప్ప ఏమీ లేవు. అన్న దాని తల ఎత్తి పట్టుకుంటే సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు, తర్వాత గుట్టుచప్పుడు కాకుండా పూడ్చేశారు. యాడి వచ్చి చూసింది. "గింత ఎండిపోయిందేంది" అని మాత్రం అంది. అప్పటినుంచి ఒక్క మేక కూడా చావలేదు. పీడ పోయిందని అందరూ నమ్మారు. అన్న కుక్కలను విప్పేశాడు.

విప్పిన మర్నాడే, పట్టపగలు. యాడికి సద్ది పట్టుకుని నేను మంద దగ్గరకు పోయాను. మేకలు ఇప్పచెట్ల కింద మేస్తున్నాయి. తండా వైపు నుంచి కుక్కలు వచ్చాయి. మొరగలేదు. వేటలో నేర్పినట్టే రెండు పక్కలకు చీలి మందను చెదరగొట్టాయి. యాడి కట్టె పట్టుకుని ఉరికేలోపే నల్లకుక్క ఒక మేకను మెడ పట్టి పడేసింది. మేక కాసేపు కొట్టుకుని ఆగిపోయింది. కుక్క పళ్లు వదిలి, ఒక అడుగు వెనక్కి వేసి, పక్కన కూర్చుంది. మేకను ముట్టలేదు. మా ఇద్దరి వైపు చూసి తోక ఊపింది.

తన పోగు కోసం చూస్తోంది.

యాడి ఎత్తిన కట్టె దించింది. నేను సద్ది గిన్నె కింద పెట్టాను. ముందు చచ్చిన మేకల దగ్గర కూడా ఇది ఇట్లాగే కూర్చుని ఉంటుంది. ఎవరైనా వచ్చి ఆకు వేస్తారని చూసి చూసి, ఎవరూ రాకపోతే ఆకలితోనే ఇంటికి పోయి ఉంటుంది. తరమడం దానికి మేమే నేర్పాం, తరమడానికి అడవిలో ఏమీ మిగల్చలేదు. చిరుత పాపం కుక్క వదిలిన మేకను తినడానికి వచ్చింది, అదీ మేం మందు పెట్టాక.

యాడి ఆ మేకను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చింది. వాకిట్లో మోదుగాకు పరిచి, పేగులు వేసి, ముందు కుక్కను పిలిచింది. అది తినేదాకా పక్కన నిలబడింది. తర్వాత అన్నను పిలిచి ఇంకో ఆకు చూపించింది. "గిది నీ పోగు. మిగిల్తె నీ లీడర్లకు పంపు." నేను యాడీ అని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది. "నా పోగు హైదరాబాద్‌ల ఉన్నది బిడ్డా" అంది.

వానలు పడకముందే మిగిలిన మేకలను అమ్మేసి, బాపు దగ్గరకు పోయింది.

రెండేళ్లకు రాష్ట్రం వచ్చిన రోజు నేను జనగామలోనే ఉన్నాను. రంగులు చల్లుకున్నాం, స్వీట్లు పంచుకున్నాం, రోడ్డు మీద ఆడాం. ఆ సంబరంలోనే యాడికి ఫోన్ చేశాను. అవతల కంకర కలిపే మిషను చప్పుడు.

"వచ్చింది యాడీ తెలంగాణ!" అని అరిచాను.

"మంచిగైంది బిడ్డా" అంది. ఆ వెంటనే అడిగింది. "తండాకు పోయినవా? ఈ యేడన్న ఇప్పపూలు దుప్పులు తిన్నయా?"

"లేదు యాడీ. చెట్ల కిందనే మురిగినయి."

యాడి తట్ట నెత్తికి ఎత్తమని ఎవరినో పిలిచి, ఫోన్ పెట్టేసింది.