బ్యాటరీ బరువు నాది కాదు

తెలంగాణ రాకముందు నేను గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేసేవాణ్ని. ఊబకాయం, షుగరు రాకుండా ఏం చేయాలో పరిశోధిస్తున్నామంటూ కొందరు డాక్టర్లు వచ్చి, డ్యూటీ అయిపోయి పైకొచ్చిన వాళ్లందరినీ బాయి ముందే తూచారు. నడుముకు హెల్మెట్ మీది క్యాప్ ల్యాంపు బ్యాటరీ, కాళ్లకు తడిసిన బూట్లతో ఉన్న నన్ను అలాగే తూచి, డాక్టరమ్మ అందరూ వినేలా "ఊబకాయం" అంది.

"బావా, బొగ్గు తీస్తున్నవా, తింటున్నవా?" అన్నాడు వెనకే ఉన్న మా బావమరిది రాజయ్య. షిఫ్టంతా నవ్వింది.

"బ్యాటరీ బరువు నా మీద ఎట్ల రాస్తరు మేడం? మల్ల తూచుండ్రి" అని పట్టుబట్టాను. లైనులో వాళ్లు తిడుతున్నా వినకుండా, ల్యాంపు రూములో బ్యాటరీ అప్పగించి, బూట్లు, చొక్కా విప్పేసి మళ్లీ ఎక్కాను.

డాక్టరమ్మ ఈసారి మెల్లగా, "ఇప్పుడూ ఊబకాయమేనండి. రాసింది కొట్టేయడం ఎందుకు, మొదటి బరువే ఉంచుతాను" అంది.

"గట్టిగ చెప్పుండ్రి మేడం, మా బావకు చెవుడు" అన్నాడు రాజయ్య.

ఆ కోపంతోనే అన్నం తగ్గించి, రోజూ పొద్దున నడిచి సన్నబడ్డాను. షుగరు నా జోలికి రాలేదు. రాజయ్యకు వచ్చింది. అయినా నా కోపం తీరలేదు. వాళ్ల పరిశోధనలో నా పేరు పక్కన ఆ బ్యాటరీ బరువు ఇంకా అలాగే ఉంది.