పడమటికి తిప్పిన ఫోను

ఈ రోజు కోరుట్లలో మా పక్కింటి లక్ష్మి మనవరాలిని తొట్టెలలో వేశారు. లక్ష్మి భర్త రాజన్న ఒకప్పుడు నా విద్యార్థి. ఇప్పుడు మస్కట్‌లో పని చేస్తున్నాడు. పాపను అతడు ఇంతవరకు చూడలేదు. అతనికి దొరికేది అరగంట భోజన విరామమే కనుక, కాల్ మధ్యలో తెగకూడదని లక్ష్మి పాపను ఎత్తుకొని, పాప తల్లిని, నన్ను వెంటబెట్టుకొని మేడెక్కి, పడమటి వైపు తిరిగి వీడియో కాల్ చేసింది. మస్కట్ అటే ఉందని అలా తిరిగిందనుకొన్నాను. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించినవాడిని, ఊరకుండలేకపోయాను.

“అమ్మా, ఫోను మస్కట్‌తో నేరుగా మాట్లాడదు. దగ్గరి టవరుకు తరంగాలు పంపుతుంది. అక్కడి నుండి మాట కేబుళ్ల గుండా సముద్రం దాటుతుంది. టవరు తూర్పున ఉంది, అదిగో! ఇటు తిరుగు” అన్నాను.

ఆమె మర్యాద కోసం తిరిగింది. రాజన్న ముఖం గళ్లుగళ్లుగా చెదిరి, మాయమైంది.

“సారూ, గా టవరు మా సిమ్ముది కాదు. మా టవరు పడమటి దిక్కే ఉన్నది” అన్నది పాప తల్లి.

లక్ష్మి వెంటనే పడమటికి తిరిగింది. రాజన్న మనవరాలిని కళ్లారా చూసుకొని, కళ్లు తుడుచుకొని, “గా పక్కపొంటి ఎవలే?” అన్నాడు.

“మన సారు. టవర్ల పాఠం చెప్తుండు.”

“సారుకు శనార్తులని చెప్పు. ఫోనైతే చేతికియ్యకు!”

నా సిద్ధాంతంలో దోషం లేదని ఇప్పటికీ నా మనవి. కాదనేవారు, ముందుగా తమ సిమ్ము ఏ కంపెనీదో తెలిపి, ఆ పిదప వ్యాఖ్యానించగలరు.