గో బ్యాక్ అంటే పనిలోకి పొమ్మని

మా పంతులమ్మ పోయిందన్న కబురు నాకు మనిషి గొంతుతో రాలేదు. గులాబీ పువ్వు బొమ్మతో వచ్చింది. మా చర్చి వాళ్ళ వాట్సాప్ గుంపులో పొద్దున్నే ఎవరో పెట్టారు. పువ్వు, పక్కన కొవ్వొత్తి, కింద దండం పెట్టే చేతులు, ‘రిప్ టీచర్’ అని రెండు ముక్కలు. ఆ తర్వాత అందరూ అదే పువ్వును అటూ ఇటూ తోసుకున్నారు. ఎక్కడ పోయింది, ఎట్లా పోయింది అని ఒక్కరూ అడగలేదు. చివరికి నేనే చేవెళ్ళ దవాఖానలో పనిచేసే మా మేనకోడలికి ఫోన్ చేసి తెలుసుకున్నాను. తెల్లవారుతుండగా ఆ దవాఖానలోనే, నిద్రలో పోయిందట. మంచం పక్కన సబ్బుపెట్టె, ఉతికిన తువ్వాలు ఉన్నాయట. నాకు ఏడుపు కంటే ముందు అసహ్యం వేసింది. ఆ గులాబీ పువ్వును చూసి ఉంటే ఆమె కూడా ఒకే ఒక్క మాట అనేది. ‘ఛీ.’

ఆ మాట ఆమె నోట తిట్టు కాదు. మొయినాబాద్ దాటాక చేవెళ్ళ సడక్ నుంచి లోపలికి తిరిగితే మా ఊరు. అక్కడి మిషన్ బడికి ఆమె గుంటూరు వైపు నుంచి వచ్చింది. అప్పటికి పాతికేళ్ళు కూడా ఉండవు. పెళ్ళి చేసుకోలేదు. బడి వెనక ఒంటి గదిలో ఉండేది. పొద్దున్నే ప్రార్థన కాగానే మమ్మల్ని వరసగా నిలబెట్టి, "చేతులు బోర్లా... వెల్లకిలా" అనేది. గోళ్ళలో మట్టి కనబడితే "ఛీ. కడుక్కో" అనేది. అని ఊరుకునేది కాదు. తానే చెంబుతో నీళ్ళు పోసేది. చీమిడి ముక్కు చూసినా ఛీ, ఈగలు వాలిన బెల్లం చూసినా ఛీ, చర్చి అయ్యగారు ప్రసంగంలో తనను పొగిడినా ఛీ. "అసహ్యం వేస్తే ముక్కు మూసుకుని పక్కకు పోవడం కాదు అమ్మాయ్, నీళ్ళు తేవాలి" అని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. నాకు నీళ్ళు తేవడం పూర్తిగా అలవడలేదు గాని అసహ్యం మాత్రం బాగా అబ్బింది. ఈ నాలుగు మాటలు రాస్తున్నదీ దానితోనే.

ఆమె మాట మాకు మొదట్లో నవ్వులాట. ఆమె ‘ఉంది’ అంటే మేము ‘ఉన్నది’ అనేవాళ్ళం. ఆమె ‘వచ్చాను’ అంటే వెనక వరసలోంచి ఎవడో ఒకడు మూతి వంకర తిప్పి ‘వచ్చానూ’ అని సాగదీసేవాడు. ఆమె ఒక్కరోజూ మా మాటను దిద్దలేదు. "మీరు ఒక మాటకి అక్షరం కలుపుతారు, ఇంకో మాటకి అక్షరం తీసేస్తారు. మొత్తానికి ఇద్దరికీ సమానమే కదా" అని తానే నవ్వేది. ఊళ్ళో ఎవరింట్లో కానుపు అయినా, ఎవరి పిల్లకు జ్వరం వచ్చినా ఆమె అక్కడ ఉండేది. మా తమ్ముడికి అమ్మవారు పోసినప్పుడు వాడి పక్క మార్చింది, వాడి బట్టలు ఉతికింది ఆమే. మా అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. ఆ రోజుల్లో అవ్వ కూలికి పోకపోతే మాకు పూట గడవదు.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం వచ్చింది. బళ్ళు మూసేశారు. చేవెళ్ళలో హైస్కూలు చదువుతున్న నేను కూడా ఇంటికొచ్చి కూర్చున్నాను. మా అన్న ఊరేగింపులో పోయి జైల్లో పడ్డాడు. ఈ ప్రాంతపు ఉద్యోగాలు ఈ ప్రాంతం వాళ్ళకే, అంటే ముల్కీలకే, రావాలని అడగడంలో తప్పేమీ లేదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. మా అన్న జైలుకు పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. రొట్టెలు చేసుకొచ్చింది పంతులమ్మే. నాకు రోత ఉద్యమం మీద కాదు. దాన్ని అడ్డం పెట్టుకుని సొంత పని చక్కబెట్టుకున్న వాళ్ళ మీద.

ఆ ఎండాకాలమే మా చర్చికి తెల్ల పిల్లలు వచ్చారు. ఏదో దేశంలోని చర్చి యువజనులు. సెలవుల్లో పరాయి దేశం పోయి సేవ చేయడం వాళ్ళకు ఆనవాయితీ అట. పట్నంలో గొడవలవుతున్నాయని తెలిసేసరికే వాళ్ళు ఓడ దిగిపోయారు. మా చర్చి వెనక పాయిఖానా కట్టిపోవాలని వచ్చారు. మంచి పిల్లలే. ఎండకు ముక్కు తోలు ఊడుతున్నా గడ్డపార వదిలేవాళ్ళు కాదు. వాళ్ళ మాట మాకు, మా మాట వాళ్ళకు చెప్పగలిగింది పంతులమ్మ ఒక్కతే.

వచ్చిన మర్నాడు ఫోటోలు తీస్తామన్నారు. పంతులమ్మ ముందు రోజే బడిపిల్లల అంగీలన్నీ ఉతికి, గుండీలు కుట్టి, తలలు దువ్వి తయారు చేసింది. మా యువజన సంఘానికి అప్పుడొక కార్యదర్శి ఉండేవాడు. జుట్టుకు నూనె పెట్టి, తెల్ల ప్యాంటు వేసుకుని తిరిగేవాడు. అతను వచ్చి పిల్లల్ని చూసి మొహం చిట్లించాడు.

"గీ అంగీలు ఇప్పుండ్రి. గిట్ల మంచిగ కనవడితే వాళ్ళకు జాలెట్ల పుడుతది? ఉట్టి లాగుల మీద నిలవడుండ్రి" అన్నాడు.

పిల్లలు అంగీలు విప్పేశారు. జుట్టు చెరుపుకోమంటే ఒకడు చెరుపుకున్నాడు కూడా. గది లోంచి వచ్చిన పంతులమ్మ చూసింది. అందరి ముందూ, ఆ తెల్ల పిల్లల ముందూ, కార్యదర్శి మొహం మీదే "ఛీ" అన్నది. మళ్ళీ ఒక్కొక్కడికీ అంగీ తొడిగి గుండీలు పెట్టింది. ఫోటోలో వాళ్ళు శుభ్రంగానే పడ్డారు. కార్యదర్శి మొహం మాత్రం నల్లబడింది.

అతనికి ఒక మరదలు ఉంది, పదో తరగతి పాసై ఇంట్లో కూర్చుంది. బడిలో పంతులమ్మ చోటు ఖాళీ అయితే ఆమెకు దొరుకుతుందని అప్పటికే ఆశ పెట్టుకున్నాడు. ఆ ఛీ తర్వాత అతనికి ఉన్నట్టుండి పంతులమ్మ ముల్కీ కాదని గుర్తొచ్చింది.

ఒకరోజు పొద్దున మేమంతా పాయిఖానా గుంత దగ్గర ఉన్నాం. తెల్ల పిల్లలు లోపల తవ్వుతున్నారు, మేము మట్టి మోస్తున్నాం, పంతులమ్మ గట్టు మీద నిలబడి వాళ్ళకూ మాకూ మధ్య మాటలు చేరవేస్తోంది. బడి వైపు నుంచి గుంపు వచ్చింది. ముందు కార్యదర్శి. వెనక ఉన్నవాళ్ళలో సగంమంది ఆమె చేత చేతులు కడిగించుకున్న వాళ్ళే. "నాన్ ముల్కీ, గో బ్యాక్! గో బ్యాక్! గో బ్యాక్!" అని అరుస్తున్నారు. ఆ అరుపు ఆమె కోసమని ఊరందరికీ తెలుసు. తెలియనిది ఆ తెల్ల పిల్లలకే. వాళ్ళకు అర్థమైంది చివరి రెండు ముక్కలు మాత్రమే. వాళ్ళ నాయకుడు, పొడుగాటి అబ్బాయి, గడ్డపార కింద పెట్టి పాలిపోయిన మొహంతో పైకి చూశాడు. మమ్మల్నేనా వెళ్ళిపొమ్మంటున్నారు అని అడిగాడు.

పంతులమ్మ ఒక్క క్షణం గుంపు వైపు చూసింది. తర్వాత తొణక్కుండా ఇంగ్లీషులో జవాబు చెప్పింది. నా హైస్కూలు ఇంగ్లీషుకు కూడా అర్థమైంది.

"తిరిగి పనిలోకి వెళ్ళమంటున్నారు. ఎండ ముదరకముందే గుంత అయిపోవాలట."

తెల్ల పిల్లలు గొల్లున నవ్వారు. వాళ్ళ భయం ఎగిరిపోయింది. గడ్డపార ఎత్తినప్పుడు ‘గో’, దించినప్పుడు ‘బ్యాక్’ అంటూ తవ్వడం మొదలుపెట్టారు. గట్టు మీద అరిచేవాళ్ళకంటే గుంతలో వాళ్ళే గట్టిగా అరిచారు. గుంపు వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. వాడి పక్కవాడూ నవ్వాడు. కార్యదర్శి కాసేపు పిడికిలి ఎత్తి ఊరికే నిలబడి, దాన్ని దించుకుని పోయాడు.

నేను ఇంటికి పోయి చెబితే అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. సాయంత్రం జొన్నరొట్టె, తొక్కు కట్టుకుని పంతులమ్మ దగ్గరికి పోయాం. మేము కూర్చుని ఉండగానే చర్చి సంఘ పెద్దలు వచ్చారు. ఆమె పెట్టిన చాయ తాగారు. తాగాక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"పంతులమ్మా, నీ మీద మాకేం కోపం లేదు. గని జమానా గిట్లున్నది. నువ్వు జర మీ ఊరికి పోతేనే మంచిది."

"ఎప్పుడు వెళ్ళమంటారండీ?"

"ఇప్పుడే కాదు. తెల్లోళ్ళు ఐతారం దాక ఉంటరు గద. నువ్వు లేకుంటే వాళ్ళ మాట మాకెవరు చెప్తరు? వాళ్ళు పోయినంక పో."

"బడి పిల్లలు?"

"నువ్వేం ఫికర్ చెయ్యకు. కార్యదర్శి మరదలున్నది, ఆమె చూసుకుంటది."

ఇన్నేళ్ళలో ఎన్నో నీచాలు చూశాను. ఆ మాటంత నీచమైనది ఇంకోటి చూడలేదు. వెళ్ళగొట్టే మనిషితో ముందు తమ పని చేయించుకుని, ఆ తర్వాత వెళ్ళగొడతారట. పంతులమ్మ ‘సరేనండీ’ అన్నది. వాళ్ళు పోయాక వాళ్ళు తాగిన గ్లాసులు తీసుకుని తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. ఆ సాయంత్రం ఆమె నోట ఛీ అన్న మాట రాలేదు. ఆమెకు తిరిగి వెళ్ళడానికి తల్లీ తండ్రీ ఎవరూ మిగల్లేదని అవ్వకు తెలుసు.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఆరాధన చివర ఆ పొడుగాటి అబ్బాయి సెలవు తీసుకుంటూ మాట్లాడాడు. అతను ఒక్కో మాట చెప్పి ఆగితే, పక్కన నిలబడి పంతులమ్మ తెలుగులో చెప్పేది. ఎండ గురించి చెప్పాడు, మామిడిపండ్ల గురించి చెప్పాడు. మేము నవ్వాం. తర్వాత అతను ఒక మాట చెప్పాడు. ఆమె వెంటనే తెలుగు చేయలేదు. చీర కొంగు సర్దుకుంది. ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం తీయకుండా చెప్పింది.

"పరాయి చోటి నుంచి వచ్చిన మనిషిని మీరు ఎంత ప్రేమగా చూసుకుంటారో మా దేశంలో అందరికీ చెబుతాం, అంటున్నాడు."

పెద్దలు కింద పరిచిన చాపలు చూసుకుంటున్నారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"ఛీ!"

అది మా అవ్వ. ఆరాధనలో ఏనాడూ నోరు తెరవని మనిషి లేచి నిలబడింది.

"ఛీ, మన బతుకులు పాడుగాను. గీ మాట గీమె నోటితోనే మనకు చెప్పిస్తిమా? మన పోరగాండ్ల చీమిడి తీసిన చేతులు గవి. నా కొడుక్కు అమ్మవారు పోస్తే నేనే దగ్గరికి పోనీకి భయపడ్డ. గీమె పోయింది. పంతులమ్మా, నువ్వు యాడికి పోవద్దు, ఈడనే ఉండు. నిన్ను పొమ్మన్నోడు నాకు ఎదురుంగ వచ్చి అనుమను!"

ఎవరూ రాలేదు. వెనక ఇంకొకామె లేచి నిలబడింది. తర్వాత వరసంతా లేచింది. ఆ తెల్ల అబ్బాయి కంగారుపడి, ఈ అమ్మ ఏమంటోంది అని అడిగాడు.

"వెళ్ళొద్దంటోంది" అని పంతులమ్మ ఇంగ్లీషులో చెప్పింది. "ఇక్కడే ఉండమంటోంది."

పాపం, అతను అది కూడా తమనే అనుకున్నాడు. కళ్ళు తుడుచుకుని, చేతులు జోడించి, ఉండాలనే ఉంది గాని కాలేజీలు తెరుస్తారు, వెళ్ళక తప్పదు అని అవ్వకు క్షమాపణ చెప్పాడు. పంతులమ్మ ఆ మాటను తెలుగులో చెప్పలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా, అయ్యగారు ప్రసంగం చెప్పే పులుపిట్ బల్ల పట్టుకుని నిలబడిపోయింది.

తెల్ల పిల్లలు పోయారు. సగంలో వదిలేసిన పాయిఖానా గోడలు ఆమే మాతో కలిసి లేపింది. ఊరు దానికి అలవాటుపడేదాకా శనివారం శనివారం తానే కడిగింది. ఆమెను పొమ్మన్న పెద్దలు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, క్షమించమనీ అడగలేదు. ఆమె మా పిల్లలకూ, వాళ్ళ పిల్లలకూ చదువు చెప్పింది. ఇక్కడ ఇన్నేళ్ళున్నా ‘ఉంది’ అనే అన్నది.

సమాధి కార్యక్రమం నాడు చర్చి ముందు ఫ్లెక్సీ కట్టారు. ఆమె మొహం కంటే నాయకుల మొహాలే పెద్దగా ఉన్నాయి. ఎనభైకి దగ్గరపడ్డ కార్యదర్శి కారులో వచ్చాడు. మైకు పట్టుకున్నాడు.

"గా దినాలల్ల పంతులమ్మను కొందరు పొమ్మన్నరు. నేనే అడ్డం నిలవడ్డ. ఆమె మన తెలంగాణ ఆడబిడ్డ అని ఆనాడే చెప్పిన!"

చప్పట్లు కొట్టారు. లేచి నిలబడి అడగడానికి మా అవ్వ లేదు. నేను అడుగుదామని లేస్తే, శవపేటిక ఎత్తుతున్నారు పక్కకు జరగమన్నారు.

సమాధుల తోటలో అందరం తలా పిడికెడు ఎర్రమట్టి వేశాం. గేటు దగ్గర నల్లా ఉంది. ఆమె దగ్గర చదువుకున్న వాళ్ళం, అందరం తల నెరిసిన వాళ్ళమే, చెప్పకుండానే వరస కట్టాం. ఒక్కొక్కరే గోళ్ళు రుద్ది రుద్ది కడుక్కున్నారు. కడుక్కున్నాక ప్రతివాళ్ళూ చేతులు ఒకసారి బోర్లా, ఒకసారి వెల్లకిలా చాపి చూసుకున్నారు. చూసి బాగుందనడానికి అక్కడ ఎవరూ లేరు.

కార్యదర్శి వరసలోకి రాలేదు. భుజం మీది కండువాకు చేతులు తుడుచుకుని కారు తలుపు తీశాడు. నాకంటే పెద్దవాడు. అయినా నా నోటికి ఇంకో మాట రాలేదు.

"ఛీ. కడుక్కో" అన్నాను.

వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, వరసలో నిలబడ్డ వాళ్ళందరినీ చూశాడు. ఎవరూ పక్కకు చూడలేదు. మెల్లగా నల్లా దగ్గరికి వచ్చి నీళ్ళ కింద చేతులు పెట్టాడు. నేను అడగకుండానే వాటిని నా ముందు చాపాడు. బోర్లా. తర్వాత వెల్లకిలా.

గోళ్ళ సందున మట్టి ఇంకా ఉన్నది.